బోణీ కన్ను

నా ఎడమ కన్ను లోపలికి తిరిగి ఉంటుంది. ఎప్పుడూ ముక్కునే చూసుకుంటున్నట్టు ఉంటుందని చిన్నప్పుడు తోటి పిల్లలు అనేవాళ్ళు గాని, గట్టిగా అనడానికి జంకేవాళ్ళు. మా ఊళ్ళో అది వెక్కిరించే కన్ను కాదు, అదృష్టపు కన్ను. మెల్లకన్ను ఆడపిల్ల ఇంట్లో తిరుగుతుంటే లక్ష్మి గడప దాటదని మా వైపు తెలుగువాళ్ళూ అంటారు, తమిళవాళ్ళూ అంటారు. ఈ ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం అరుదు గనక అది నిజమే అయి ఉంటుందని నేనూ నమ్మాను.

మా నాన్నకు కనకమ్మ సత్రం కూడలిలో విత్తనాల అంగడి ఉండేది. పొద్దున్నే తలుపులు తీసి, ఊదొత్తి వెలిగించి, నన్ను గల్లాపెట్టె పక్కన నిలబెట్టేవాడు. మొదటి బేరం నా చేతి మీదుగా జరగాలి. వేరుశనగ మూట విప్పితే మొదటి దోసిలి నేనే తీయాలి. కొన్నాళ్ళకు చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు కూడా పిలవడం మొదలుపెట్టారు. టీ అంగడి ఆయన, పూలు అమ్మే ఆమె, సైకిళ్ళు బాగుచేసే ఆయన, అందరికీ బోణీ నేనే. బడి బస్సు వచ్చేలోగా కూడలి అంతా ఒక చుట్టు చుట్టి వచ్చేదాన్ని. పూలామె ఒక మూర మల్లెలు జడలో పెట్టేది, టీ అంగడి ఆయన బన్ను చేతిలో పెట్టేవాడు. ఆ వయసులో నాకంటే పెద్దవాడు కలెక్టరు ఒక్కడే అనుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడికి కళ్ళు చూసేవాళ్ళు వచ్చారు. గోడకు అక్షరాల అట్ట తగిలించి, ఒక్కో కన్ను మూసి చదవమన్నారు. ఎడమ కన్ను మూసినప్పుడు కింది వరుస దాకా గడగడా చదివాను. కుడి కన్ను మూయగానే అట్ట అక్కడే ఉంది, అక్షరాలు అక్కడే ఉన్నాయి, కాని ఒక్కటీ నిలబడలేదు. చీకటి కాదు, మసక కూడా కాదు. అక్షరం ఒంటరిగా ఉంటే పోల్చుకోగలను. వరుసలో ఉంటే మాత్రం సినిమా టికెట్ల దగ్గర జనంలా ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. నేను నవ్వాను. ఇదేదో నా కన్నుకు మాత్రమే వచ్చిన విద్య అనుకున్నాను.

వచ్చినాయన నవ్వలేదు. మద్రాసులో పెద్ద కంటాసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసి ఇచ్చాడు. మా బడి అయ్యవారు ఆ చీటీ పట్టుకుని స్వయంగా అంగడికి వచ్చాడు. నాన్న ఆయనకు టీ తెప్పించి మర్యాదగా చెప్పాడు.

“బాగానే ఉండాది సార్ ఆ కన్ను. అది మా ఇంటి యోగం. యోగాన్ని ఎవురన్నా కోయించుకుంటారా?”

అయ్యవారు కాసేపు ఆలోచించి, నిజమేనన్నట్టు తల ఊపి, టీ తాగి వెళ్ళిపోయాడు. అంతకు ముందు నెలలోనే ఆయన బావమరిది నన్ను కొత్త ట్రాక్టరు మీద ఎక్కించి బోణీ చేయించుకున్నాడు మరి. ఆయనను తప్పుపట్టను. నాన్నను కూడా పట్టను అని రాయాలని ఉంది గాని, అది అబద్ధం అవుతుంది.

యోగం కన్ను ఉన్న పిల్లకు కొన్ని పనులు రావు. బంతి వేస్తే పట్టుకోలేను. చెంబులో నీళ్ళు గ్లాసులో వంచితే సగం బయట పడతాయి. సూదిలో దారం ఎక్కించడం నాకు ఒక పూట పని. మెట్లు ఎక్కేటప్పుడు ఫరవాలేదు, దిగేటప్పుడు ఏ మెట్టు ఎక్కడ ముగిసిందో తెలియదు, నేల మీద గీతలు గీసినట్టు ఉంటుంది. ఇవన్నీ నా మొద్దుతనం అని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అదృష్టవంతురాలు కొంచెం మొద్దుగా ఉన్నా చెల్లుతుంది కదా.

పెళ్ళి వయసు వచ్చాక అసలు సంగతి తెలిసింది. బోణీకి పిలిచిన ఇళ్ళలో ఒక్కటీ కోడలిగా పిలవలేదు. చూడడానికి వచ్చిన ఒకావిడ కాఫీ తాగుతూ, గుడ్డి కంటే మెల్ల మేలే గాని ఫోటోలు బాగుండవు కదా అని మా అమ్మతోనే అంది. ముగ్గురు వచ్చి వెళ్ళాక నాన్న వెతకడం తగ్గించాడు. నేను వెళ్ళిపోతే అంగడి ఏమవుతుందోనన్న భయం ఆయన లోపల ఉండేదని నా అనుమానం. ముందు అమ్మ, తర్వాత నాన్న పోయారు. అంగడి మూతపడింది, తమ్ముడు పొలం చూసుకున్నాడు. నేను తమిళం, ఇంగ్లీషు టైపింగు నేర్చుకుని తిరువళ్ళూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. కలెక్టరాఫీసు ఎదురుగా అర్జీలు టైపు చేసే సెంటరులో కూర్చున్నాను, ఈ రోజుకీ అక్కడే కూర్చుంటున్నాను. తిరువళ్ళూరులో నన్ను ఎవరూ బోణీకి పిలవలేదు. ఇక్కడ నాది ఒట్టి మెల్లకన్ను.

ఒంటరిగా ఉండడం కష్టమని అందరూ అంటారు గాని, ఏది కష్టమో ఎవరూ సరిగా చెప్పరు. ఒక్క మనిషికి వండుకోవడం కష్టం కాదు. పండగనాడు తలుపు మూసుకుని పడుకోవడం కూడా కష్టం కాదు. పగలంతా ఊరివాళ్ళ మొరలు టైపు చేసి, సాయంత్రం గదికి వచ్చి, ఈ రోజు ఇలా జరిగింది అని చెప్పబోయి నోరు తెరిచి మూసుకుంటామే, అది కష్టం. నేను కొన్నేళ్ళు అలా నోరు తెరిచాను. తర్వాత ఆ అలవాటు కూడా పోయింది.

ఒక వేసవిలో కాలేజీ అమ్మాయి ఒకతె తన ప్రాజెక్టు చేత్తో రాసుకుని టైపుకు తెచ్చింది. మెదడు చూపును ఎలా నేర్చుకుంటుందనేది విషయం. మేము టైపు చేసేటప్పుడు అర్థం చూసుకోం. కన్ను అక్షరాన్ని పట్టి వేలికి ఇచ్చేస్తుంది, మధ్యలో మనిషికి పని లేదు. నలభై పేజీలు అలాగే పోయాయి. తర్వాత ఒక పేజీలో నా వేళ్ళు ఆగిపోయాయి. పుట్టగానే ఒక కన్ను మూసి పెంచిన పిల్లిపిల్లల గురించి అక్కడ రాసి ఉంది. కొన్నాళ్ళకు ఆ కన్ను తెరిచారట. కన్నుకు ఏ లోపమూ లేదట. అయినా పిల్లిపిల్లకు ఆ కంటితో కనపడలేదట.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చినప్పుడు, ఇది ఎట్లా అని అడిగాను. తన సబ్జెక్టును ఒకరు అడిగారన్న సంబరంతో కుర్చీ లాక్కుని కూర్చుంది. చూసేది కన్ను కాదట. కన్ను వెలుతురును ఏరి పంపుతుందంతే. చూపు తయారయ్యేది తల వెనక, విజువల్ కార్టెక్స్ అనే చోట. అక్కడ లెక్కలేనన్ని కణాలు ఉంటాయట. కొన్ని నిలువు గీత కనపడితేనే మేలుకుంటాయి, కొన్ని అడ్డగీతకే, కొన్ని ఏటవాలు గీతకే. ఈ ముక్కలన్నీ కలిపి పై కణాలు ఒక మొహాన్నో, చెట్టునో అల్లుకుంటాయి. రెండు కళ్ళ నుంచి వచ్చే దారులూ అక్కడే కలుస్తాయి. రెండూ ఒకే సంగతి చెబితే రెండు దారులూ గట్టిపడతాయి, వాటి మధ్య ఉండే కాస్త తేడాను బట్టే ఏది దగ్గర, ఏది దూరం అన్నది తెలుస్తుంది. ఒక కన్ను వేరే వైపు తిరిగి వేరే సంగతి చెబుతుంటే మెదడుకు తికమక. అందుకని ఆ కన్ను మాట వినడం మానేస్తుంది. వినని దారి సన్నబడిపోతుంది. ఇదంతా పసితనంలోనే జరుగుతుందట. ఆ తర్వాత పోసిన పోత ఆరిపోయినట్టే.

నాకు మా పొలం గుర్తొచ్చింది. ఒకే మడికి రెండు కాలువలు ఉంటే, ఒకదాని మడవ మూసి నాలుగేళ్ళు వదిలేస్తే అందులో తుంగ పెరిగి కాలువ ఉన్నట్టే తెలియదు. బావిలో నీళ్ళకు కొదవ లేదు. మడి కూడా అక్కడే ఉంది.

చెబుతూ చెబుతూ ఆ అమ్మాయి తలెత్తి నా మొహం చూసి, మాట మధ్యలో ఆపేసింది. క్షమించండి ఆంటీ అంది. మిగతా పేజీలు రేపటికి అయిపోతాయి, స్పైరల్ బైండింగు కూడా చేయించి పెడతాను అన్నాను. ఆమె వెళ్ళాక, తొమ్మిదో ఏట తర్వాత మళ్ళీ మొదటిసారి, అరచేత్తో కుడి కన్ను మూసుకుని ఎదురుగా కలెక్టరాఫీసు బోర్డు చూశాను. అక్షరాలు తోసుకుంటూనే ఉన్నాయి. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అంటారు. నాది గుడ్డికన్ను కాదు. పుట్టినప్పటి నుంచి ఆ కన్ను చూస్తూనే ఉంది, చూసింది చెబుతూనే ఉంది, వినేవాళ్ళే లేరు. ఆ మధ్యాహ్నం నాకు ఏడుపు వచ్చింది. బల్ల మీద ఎవరిదో పట్టా అర్జీ ఉంటే, తడవకుండా పక్కకు జరిపి మరీ ఏడ్చాను.

కొన్నేళ్ళు గడిచాయి. తమ్ముడి కూతురికి పెళ్ళయి ఒక ఆడపిల్ల పుట్టింది. అల్లుడు గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారమంతా అక్కడే ఉంటాడు. తమ్ముడి కూతురు కంపెనీ వ్యానెక్కి షిఫ్టులకు పోతుంది. పాపను చూసుకునేది తమ్ముడే. వాడి భార్య అంతకు ముందే పోయింది. పాపకు నాలుగేళ్ళు నిండుతుండగా ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి గొంతులో అంత సంతోషం విని చాలా రోజులైంది.

“అక్కా, పాపకు నీ కన్ను వచ్చిందే.”

పాప కన్ను తిరిగిన నెలలోనే, ఎండిపోయిన బోరు పక్కన వేసిన కొత్త బోరులో నీళ్ళు పడ్డాయట. ఇప్పుడు రోజూ మోటారు స్విచ్చి పాప చేతనే వేయిస్తున్నాడట. పక్క పొలంవాళ్ళు కూడా బోరు వేసే రోజు పాపను పంపమని అడిగారట. వాడు చెబుతూ పోతున్నాడు. నేను గడప మీద కూర్చున్నాను.

ఆదివారం వెళ్ళి చూశాను. పాప ఎడమ కన్ను కాదు, కుడి కన్ను. నాకంత కాదు, దగ్గరి వస్తువు చూసినప్పుడు లోపలికి పోతోంది. స్టూలు మీద ఎక్కి స్విచ్చి వేసి, నీళ్ళు పడగానే అందరి మొహాలూ చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. కూడలి చుట్టూ తిరిగి వచ్చిన పిల్ల నవ్వు అది.

తమ్ముడికి చెప్పకుండా, తల్లీబిడ్డలను మద్రాసు కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ తమిళావిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పాప రెండు కళ్ళకూ ప్లస్ పవరు చాలా ఉందట, ఆ భారం మీదే కన్ను లోపలికి పోతోందట. కళ్ళజోడు పెడితే కన్ను నిలబడుతుంది. ఆ కన్ను మాట మెదడు మళ్ళీ వినాలంటే మాత్రం, బాగున్న కన్నును రోజుకు ఆరు గంటలు జిగురు పట్టీతో కట్టేయాలి. ఏడాది పట్టవచ్చు. ఆపరేషను అక్కర్లేదు అంది. తర్వాత నా కన్ను కూడా దీపం వేసి చూసింది. నాదీ బహుశా ఇదే రకం, అప్పట్లో కళ్ళజోడూ కట్టూ సరిపోయి ఉండేవేమో అంది. ఇప్పుడు ఏమన్నా వీలుందా అని అడిగాను. పెద్దవాళ్ళ మెదడు కూడా కొద్దో గొప్పో నేర్చుకుంటుంది గాని, ఈ వయసులో కదిలిస్తే ఒకటి రెండుగా కనపడే ప్రమాదం ఉంది, మాట ఇవ్వలేను అంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మనం అంటాం. తమిళంలో ఐదులో వంగనిది యాభైలో వంగుతుందా అంటారు. డాక్టరమ్మ ఆ మాట సగం అని ఆగింది. పాపకు ఐదు రావడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. నాకు యాభై దాటి రెండేళ్ళు.

కళ్ళజోడు పెట్టడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు. కట్టు మాత్రం ఆ మూడు నెలల్లో సరిగా సాగలేదు. పొద్దున తల్లి అంటించి షిఫ్టుకు పోతుంది. వ్యాను మలుపు తిరగగానే పాప తాత దగ్గరికి పోయి ఏడుస్తుంది, తాత పీకేస్తాడు. సాయంత్రం తల్లి వచ్చేలోపల మళ్ళీ అంటిస్తాడు. మూడు నెలల తర్వాత పరీక్షలో చూపు ఒక్క వరుస కూడా పెరగలేదు. తాత పీకేస్తాడని అక్కడ పాపే చెప్పేసింది. డాక్టరమ్మ మొదటిసారి గొంతు పెంచింది. ప్రతి నెలా ఒక తలుపు కొంచెం మూసుకుపోతోంది, మీకు అర్థమవుతోందా అని అడిగింది. తమ్ముడి కూతురు తల వంచుకుంది. నాకు అర్థమైనంతగా అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

ఆసుపత్రి నుంచి తిన్నగా ఊరికి వెళ్ళాను. తమ్ముడు మోటారు గది దగ్గర ఉన్నాడు. పాపను ఏడిపించి చంపాలా అన్నాడు. బాగున్న కన్ను మూసి, బాగలేని కంటితో పరిగెత్తమంటే పసిబిడ్డ ఎన్నిసార్లు పడుతుందో చూసినావా అన్నాడు. అందులో నిజం ఉంది. వాడి చేతుల మీద పెరుగుతున్న బిడ్డ. తర్వాత నెమ్మదిగా అసలు మాట అన్నాడు.

“నీ కన్ను వల్లనే కదక్కా మేము ఇంత దూరం వచ్చినాము.”

“మీరు వచ్చినారు. నేను యాడికి వచ్చినాను రా?”

అంత మాట నేను ముందుగా అనుకుని అన్నది కాదు. నలభై ఏళ్ళు తొక్కిపెట్టింది ఒక్కసారి బయటపడితే అంటున్నవాళ్ళకే దడ పుడుతుంది. అంగడిలో గల్లాపెట్టె పక్కన నన్ను నిలబెట్టినప్పుడు వాడు ఇంకా చంకబిడ్డ, వాడికేం తెలుసు? అయినా అన్నాను. సాయంత్రం తమ్ముడి కూతురు ఫోన్ చేసి, బడి సెలవులు రెండు నెలలూ పాపను నీ దగ్గరే పెట్టుకో అత్తా అంది.

పాప నా గదికి వచ్చిన మొదటి రోజే నన్ను ద్వేషించింది. ఈ మాట మెత్తగా రాయడం నాకు చేతకాదు. కట్టు అంటించగానే గోడ మూలకు పోయి, “నీ మొహం నాకు కనపడలా, నువ్వు బాగలేవు, తాత బాగుండాడు” అని ఏడ్చింది. నిజమే, ఆ కంటికి నా మొహం సరిగా కనపడదు. తలుపు చెక్కకు కొట్టుకుంది. అన్నం ముద్ద బుగ్గకు పెట్టుకుంది. నేను దగ్గరికి వెళితే నెట్టేసింది. కట్టు జిగురుకు చర్మం కంది ఎర్రబడితే మధ్యాహ్నం కొబ్బరినూనె రాసి నెమ్మదిగా తీసేదాన్ని, ఆ ఒక్క క్షణం మాత్రం ఊరుకునేది. ఇన్నేళ్ళ తర్వాత నా గదిలో ఇంకో మనిషి అడుగుల చప్పుడు వినపడుతోంది, ఆ మనిషికి నేనంటే గిట్టదు. నవ్వు వచ్చేది కూడా.

సెంటరు యజమాని మంచివాడు, పాపను వెంట తెచ్చుకోనిచ్చాడు. నేను టైపు చేస్తుంటే పాపకు పని పెట్టేదాన్ని. ఒట్టిగా కట్టి కూర్చోబెడితే చాలదు, ఆ కంటితో దగ్గరి పని చేయించాలని డాక్టరమ్మ చెప్పింది. మినప్పప్పు పళ్ళెంలో పోసి నల్ల పొట్టు ఏరమనేదాన్ని. సెంటరు ముందు నేల మీద ముగ్గుపిండితో చుక్కలు పెట్టి కలపమనేదాన్ని. మొదటి వారం గీత ఒక చోట, చుక్క ఒక చోట. నిలువు గీతలకు మేలుకునే కణాలు కొన్ని, అడ్డగీతలకు కొన్ని అని ఆ కాలేజీ అమ్మాయి చెప్పింది గుర్తుంది. పాప నిలువు గీత గీస్తే, ఈ పూట వాటి వంతు అనుకునేదాన్ని. ఏటవాలు గీత గీస్తే, మీరు కూడా లేవండమ్మా అనుకునేదాన్ని. ఇలా మనసులో మాట్లాడుకోవడం నాకు అలవాటే గాని, ఇంతకు ముందు అవతల ఎవరూ ఉండేవాళ్ళు కారు.

నెల తిరిగేసరికి గీత చుక్క మీదికి వచ్చింది. ఇంకో వారానికి, రోడ్డు మీద పోయే బస్సు నంబరు చదివింది. ఒక రోజు నేను టైపు చేసి పక్కన పెట్టిన అర్జీ తీసుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చివరి దాకా ఒక వరుస చదివింది. ఒంటరి అక్షరం కాదు, వరుస. అప్పుడు కట్టు లేని కన్ను కుడిదే. నేను ఆ కాగితాన్ని మళ్ళీ చదివించాను. అది ఎవరికో వితంతు పింఛను కోసం రాసిన అర్జీ. పాపకు దాని అర్థం తెలియదు, నా సంతోషం ఎందుకో కూడా తెలియదు.

సెలవులు అయిపోయే ముందు తల్లికి ఒక రోజు సెలవు దొరికింది. కన్ను బాగైతే తిరుత్తణి కొండ మీద వెండి కళ్ళు సమర్పిస్తానని ఆమె మొక్కుకుంది. బాగు కావడానికి ముందే తొందరపడింది, నేను వద్దనలేదు. ముగ్గురం రైల్లో వెళ్ళాం. సంవత్సరానికి ఎన్ని రోజులో అన్ని మెట్లు. దర్శనం అయ్యాక, తల్లి చెప్పులు తెస్తానని ముందు దిగిపోయింది. నేనూ పాపా వెనక పడ్డాం. పాప కంటికి కట్టు ఉంది, ఆరు గంటలు ఇంకా పూర్తికాలేదు. పాప మెట్టు అంచును కాలి వేలితో తడిమి, అప్పుడు దిగుతోంది. నేనూ అంతే చేస్తాను, యాభై ఏళ్ళుగా అంతే చేస్తున్నాను. ఇద్దరం ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాం. పక్కనుంచి జనం దడదడా దిగిపోతున్నారు. పాప ఆ రోజు నన్ను నెట్టేయలేదు.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. దాచితే ఈ రాత ఎందుకు? ఈ బిడ్డ ఇలాగే ఉండిపోతే నాకు ఒక తోడు దొరుకుతుంది కదా అనుకున్నాను. నేల గీతల్లా కనపడడం అంటే ఏమిటో తెలిసిన మనిషి ఇంకొకరు. నేను గ్లాసు పక్కన నీళ్ళు పోస్తే నవ్వని మనిషి. నాలుగైదు మెట్ల దాకా ఆ కోరిక నాలో ఉంది. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసి, లెక్క తప్పాను. పాప సరిచేసింది.

సెలవులు ముగిసి, తాత వచ్చి తీసుకెళ్ళాడు. పాప ఆటో ఎక్కి వెనక్కి తిరిగి చూడలేదు. గదిలో మినప్పొట్టు చాలా రోజులు దొరుకుతూ ఉండింది. తమ్ముడు నాతో సరిగా మాట్లాడలేదు గాని, ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడింటికి ఒక ఫోన్ వచ్చేది. “ఈ పొద్దు ఆరు గంటలూ కట్టినాను” అనేవాడు, పెట్టేసేవాడు. వరుస చదవడం పాప వాడి ముందు కూడా చేసి చూపించిందేమో. కారణం అడగలేదు. ఏడాది పాటు ఆ ఒక్క వాక్యం కోసం ఫోను బల్ల మీద ఎదురుగా పెట్టుకుని టైపు చేశాను. పాపను ఫోనులో పిలిస్తే రానని చెప్పేది.

మొన్న ఏడాది పరీక్షకు తల్లీబిడ్డలతో పాటు నేనూ వెళ్ళాను. పాప కుడి కన్ను కింది వరుస దాకా చదివింది. డాక్టరమ్మ ఇంకొకటి చూడాలంది. పాప కళ్ళజోడు మీద ఇంకో నల్లద్దాల జోడు పెట్టి, ముందు ఒక పుస్తకం తెరిచింది. అందులో పేజీ అంత పెద్ద ఈగ బొమ్మ ఉంది. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తుంటేనే ఆ ఈగ రెక్కలు కాగితం మీంచి పైకి లేచి కనపడతాయట. పాప చూసీ చూడగానే కెవ్వుమని చేయి వెనక్కి లాక్కుంది. భయపడకు, రెక్క పట్టుకో అంది డాక్టరమ్మ. పాప నెమ్మదిగా రెండు వేళ్ళు చాపి, కాగితానికి బెత్తెడు పైన, ఏమీ లేని చోట, గాలిని పట్టుకుంది. డాక్టరమ్మ నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలింది. తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

నన్ను కూడా చూడమన్నారు. నల్లద్దాలు పెట్టుకున్నాను. కాగితం మీద అచ్చు వేసిన ఈగ. రెక్క మీద వేలు పెడితే వేలికి కాగితం తగిలింది. పాప పకపకా నవ్వింది. ఈడ కాదవ్వా, పైన అని నా వేలు పట్టుకుని గాలిలోకి ఎత్తి, అదిగో, ఇప్పుడు పట్టుకో అంది. నేను వేళ్ళు మూశాను. ఏమీ లేదు. తెలియడం లేదా అని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. నవ్వడం మానేసి నా ఎడమ కన్ను వైపు చూసింది. అంత దగ్గరగా, అంత సేపు, నా కన్నును ఎవరూ చూడలేదు. నా వేలు ఇంకా దాని చేతిలోనే ఉంది.

“చిన్నప్పుడు నీకు ఎవురూ కట్టలేదా అవ్వా?”

“లేదమ్మా” అన్నాను. “నాకు ఎవురూ కట్టలేదు.”